ఆగిన కాలంలో వంతు ఎవరిది?

పచ్చలు తాపిన ప్రాకారం, ప్రాకారం మీద నెమలి పింఛాల్లా విప్పిన గొడుగులు, గొడుగుల కింద కస్తూరి పూసుకున్న దొరలు, దొరల వెనక వింజామరలు పట్టిన దాసీలు, వాళ్లందరి నడుమ వెండి పళ్లెంలా మెరిసే తెల్లటి ఇసుక బరి. శిలావర్త రాజ్యానికే అలంకారమని చెప్పుకునే ఆ బరిలో, నడినెత్తిన ఎండతో, బుగ్గలో చేదువేరుతో, పై పెదవి మీద జిగురుతో అంటించిన మేకవెంట్రుకల మీసంతో పైడి నిలబడి ఉంది.

ముళ్లడవి దాటేటప్పుడు చీరుకుపోయిన కాళ్లు ఇంకా మానలేదు. పాతాళగుహలో యక్షిణిని బతిమాలి ఆ వేరు సంపాదించేసరికి నిద్రపోవడం ఎలాగో మరిచిపోయింది. మగవేషం వేసి, పైడికేతుడని పేరు చెప్పి, కోట వాకిట్లో కావలివాళ్ల చేత నానా మాటలూ పడి ఈ బరిలోకి వచ్చింది. ఇప్పుడు ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. చేతిలో కత్తి అరువు తెచ్చుకున్నది, మోయలేనంత బరువు.

"ఏంరా పైడికేతూ, ఇంకా కత్తి ఎత్తనే లేదు, అప్పుడే చెమటలు పడుతున్నాయా?" అని గోడ మీదనుంచి ఎవడో అరిచాడు.

"మీసం చూసి మగాడనుకున్నాంరా!" అని ఇంకొకడు అందుకున్నాడు.

పైడి వాళ్లవైపు చూడలేదు. ఆమె చూపంతా బరి అంచున ఉన్న అక్క మీదే ఉంది.

ముత్తి అక్కడ కత్తి ఎత్తి, కుడికాలు ముందుకు వేసి, కనురెప్పలు సగం వాల్చి నిలబడి ఉంది. ఏడాదిగా అలాగే ఉంది. ఎర్రవాగు గూడెంలో డాళ్లు చేసే ఇంట్లో పుట్టిన ముత్తి, సైన్యానికి పట్టుకుపోయిన ఊరివాళ్లను విడిపిస్తానని ఈ బరిలో దిగి, ఇలా బొమ్మ అయిపోయింది. అప్పటినుంచి ఆడవాళ్లను బరిలోకి రానివ్వడం లేదు. ఆమె పక్కన ఇంకొక బొమ్మ, దాని పక్కన మరొకటి. బరి చుట్టూ అందరూ అలాంటివాళ్లే. జనం వాళ్లను నిలువులు అంటారు. పండగ రోజుల్లో దొరసానులు వచ్చి చూసి పోతుంటారు.

శిలావర్తంలో తగువు తేలేది న్యాయపీఠం దగ్గర కాదు, ఈ ఇసుకలోనే. దాన్ని వంతుపోరు అంటారు. ఇద్దరూ ఒకేసారి మీదపడి కొట్టుకోవడం ఉండదు. గంట మోగితే ఒకరి వంతు. వంతు వచ్చినవాడు తాను చేయబోయే పని ఒక్కటి పైకి చెప్పాలి. గంట మోగాక అతని నోట వచ్చే మొదటి మాటే ప్రకటన. చెప్పింది చేసి తీరాలి, చెప్పనిది చేయకూడదు. అవతలివాడు డాలు అడ్డం పెట్టుకోవచ్చు కానీ అడుగు కదపకూడదు. నోటితో మాత్రం ఎంతైనా వాగవచ్చు. ఎదుటివాడి ఒంటిని తన వంతులో ముందుగా తాకినవాడు గెలిచినట్టు. మాట తప్పినవాడు, వంతు కానప్పుడు కొట్టినవాడు, బరి అంచు గీత దాటినవాడు ఓడినట్టు. గెలిచినవాడు రాజును ఒక కోరిక అడగవచ్చు. ఓడినవాడు బతికినంతకాలం రాజుకు బానిస.

ఉదయార్క మహారాజు తరఫున పోరాడేది ఎప్పుడూ ఒక్కడే, ఘటికాసిద్ధుడనే మాంత్రికుడు. రాజుకంటే వయసులో చిన్నవాడని చెబుతారు. చూస్తే రాజుకు తాతలా ఉంటాడు. గడ్డం మోకాళ్లు దాటింది, నడుం వంగిపోయింది. అతను చెప్పే ప్రకటన ఎప్పుడూ ఒకటే.

"ఎదుటివాడు ఆయుధం ఎత్తగానే కాలాన్ని ఆపుతాను."

ఎదుటివాడు ఎత్తుతాడు. ఎత్తిన క్షణంలో లోకమంతా ఆగిపోతుంది. ఆ ఆగిన కాలంలో ఘటికాసిద్ధుడు ఒక్కడే తాపీగా నడిచి వచ్చి, ఆ మనిషి చుట్టూ బూడిదతో గీత గీసి, తన చోటికి వెళ్లి కాలాన్ని వదులుతాడు. లోకం కదులుతుంది కానీ గీత లోపలికి కాలం వెళ్లదు. బూడిద అప్పటికప్పుడే రాయిలా బిగుస్తుంది. గొడ్డలి వేసినా చెక్కుచెదరదు. అప్పుడు భటులు వచ్చి ఆ మనిషిని కింది ఇసుకతో సహా పలకల మీదికెత్తి అంచుకు చేరుస్తారు.

ఒకే వంతులో కాలం ఆపడం, గీత గీయడం, రెండు పనులు కావా అని మొదట్లో కొందరు గొడవపడ్డారట. గంట కొట్టే వంతుపెద్ద మారంభట్టు మూడు ముడతల నుదురు మీద వేలు పెట్టుకుని తీర్పు చెప్పాడు.

"ఆగిన కాలంలో జరిగింది జరగనట్టే. నిమిషమే నడవనప్పుడు వంతెలా నడుస్తుంది?"

అప్పటినుంచి అదే శాసనం.

ఈ రోజూ ఘటికాసిద్ధుడు ఎప్పటి మాటే ప్రకటించాడు. ఇప్పుడు పైడి వంతు. గంట మోగింది. ఆమె నాలుకతో వేరును బుగ్గలోకి ఇంకాస్త తోసుకుంది. అది రెప్పవేరు. నోట్లో ఉన్నంతసేపు కాలస్తంభన ఆమెకు పట్టదు. పథకం పెద్దదేమీ కాదు. కాలం ఆగాక బొమ్మలా నిలబడాలి. వాడు గీత గీసి అటు తిరగగానే కాలితో చెరిపేయాలి. కాలం నడిచాక కూడా బొమ్మలాగే ఉండిపోవాలి. పోరు అయిపోయిందనుకుని ఘటికాసిద్ధుడు బరి దిగి వెళ్లిపోతాడు. బరి గీత దాటినవాడు ఓడినట్టు!

"కత్తి ఎత్తుతాను" అని చెప్పి, రెండు చేతులతో కత్తిని భుజం దాకా లేపింది.

లోకం ఆగింది.

ముందు కేకలు ఆగాయి. తర్వాత గాలి. ప్రాకారం మీదనుంచి ఎగరబోయిన పావురాలు రెక్కలు విప్పి మేకులు కొట్టినట్టు ఆకాశంలో ఉండిపోయాయి. పన్నీరు చల్లే దాసి బుడ్డిలోంచి చిందిన చుక్కలు ముత్యాల పేరులా గాల్లో నిలిచాయి. రాజుగారి ఆవులింత సగంలో నిలిచిపోయి, బంగారు పన్ను ఒకటి మెరుస్తోంది. పైడి ముక్కు ముందు ఒక దోమ.

ఆ నిశ్శబ్దంలో ఘటికాసిద్ధుడు కర్ర ఊతంగా కాళ్లీడ్చుకుంటూ నడిచి వచ్చాడు. బూడిద సంచి విప్పి, వంగి, ఆమె చుట్టూ గీయడం మొదలుపెట్టాడు. సగం గీశాడో లేదో, "అబ్బా" అంటూ నడుం పట్టుకున్నాడు. కాసేపు అలాగే వంగి ఉండి, మెల్లగా లేచి, బరి గీత దాటి జనంలోకి వెళ్లి, మరమరాలు అమ్మేవాడి గంపలోంచి గుప్పెడు తీసుకుని వచ్చి ఇసుకలో కూలబడి తిన్నాడు. తిని, ఉత్తరీయం పరుచుకుని, పడుకుని కళ్లు మూశాడు.

పైడి ఎదురు చూసింది. ఎంతసేపో చెప్పడానికి నీడ కూడా కదలడం లేదు. భుజాలు మండిపోతున్నాయి. కత్తి దించడానికి భయం. చెమట జారి జారి మీసం ఎడమవైపు ఊడి వేలాడింది. ముసలాయన గురక సన్నగా వినిపించింది. ఇక ఆగలేక కత్తి మొన ఇసుకలో దించి, బొటనవేలితో బూడిద గీతను చెరిపేసి, మీసాన్ని పట్టుకుని నొక్కుకోబోయింది.

"కుడివైపు కూడా ఊడుతోంది, చూసుకో" అన్నాడు ఘటికాసిద్ధుడు కళ్లు తెరవకుండా.

పైడి చెయ్యి మీసం మీదే ఉండిపోయింది.

"ఆడపిల్లవి కదూ?"

"కాదు" అంది బొంగురు గొంతు పెట్టి.

"మీసం చేతిలో పట్టుకుని కాదంటావేంటమ్మా?"

పైడి కత్తి అతని వైపు తిప్పింది. అతను లేచి కూర్చుని దాని మొనను పెళ్లిలో వడ్డించే గరిటెను చూసినట్టు చూశాడు.

"పొడుస్తావా? పొడువు. ఆగిన కాలంలో ఒక ప్రాణి ఇంకో ప్రాణిని తాకితే కాలం తెగిపోతుంది. తెగిన క్షణంలో నీ కత్తి నా ఒంట్లో ఉంటుంది. నువ్వేం చెప్పావు? ఎత్తుతానన్నావు. పొడుస్తానన్నావా? చెప్పనిది చేసినట్టు. మారంభట్టు ఆనందంగా గంట కొడతాడు."

"మరి మీరు నన్ను తాకితే?"

"నా వంతు కాదుగా. నేనూ ఓడిపోతాను." అతను ఆమె బుగ్గ వైపు వేలు చూపించాడు. "రెప్పవేరు. అవునా? నానేకొద్దీ కరిగిపోతుంది. అది కరిగేదాకా నేను గీస్తాను."

"నేను చెరుపుతాను."

"చెరుపు మరి."

అతను గీశాడు. ఆమె చెరిపింది. మళ్లీ గీశాడు. మళ్లీ చెరిపింది. ఇద్దరిలో ఎవరికీ తొందరలేదు, ఓపికా లేదు. కాసేపటికి అతను కూర్చునే గీయసాగాడు, ఆమె కత్తి మీద ఆనుకుని చెరపసాగింది. సంచి చిక్కిపోతోంది, వేరు సన్నబడుతోంది. ఎవరిది ముందు అయిపోతే వాళ్లు ఓడినట్టని ఇద్దరికీ తెలుసు. కత్తి ఎత్తి ఉంచాల్సిన పని లేకపోయినా, కాలం ఎప్పుడు తెగుతుందో తెలియక, ఆమె మధ్యమధ్య దాన్ని భుజం దాకా లేపి చూసుకునేది. ప్రతిసారీ అది వెనకటికంటే బరువుగా ఉండేది.

"ఎవరికోసం వచ్చావు?" అని అడిగాడు ఘటికాసిద్ధుడు, గీత మధ్యలో.

పైడి ముత్తిని చూపించింది. "మా అక్క."

"ఓ, ఆ పిల్లా! కత్తి ఎత్తేటప్పుడు నన్ను చూసి నవ్వింది. ఇంతమందిలో నవ్విన మనిషి ఆవిడొక్కతే."

"నవ్విన మనిషిని అలా నిలబెట్టడానికి చేతులెలా వచ్చాయి?"

"చేతులు ఎప్పుడో అలవాటు పడిపోయాయమ్మా. మా గురువుగారిని ఈ రాజుగారి తండ్రి చెరలో పెట్టాడు. ఆయన్ని విడిపించుకోవడానికి కొలువు చేస్తానని మాట ఇచ్చాను. గురువుగారు చెరలోనే పోయారు. మాట మాత్రం పోలేదు."

"మీకు ఎన్నేళ్లు?"

"అవతల లెక్కలో నలభై నిండలేదు. ఇవతల లెక్క నేను పెట్టుకోలేదు." అతను చుట్టూ ఉన్న నిశ్శబ్దాన్ని చూశాడు. "ఇన్నాళ్లలో ఇక్కడ ఇంకో గొంతు వినడం ఇదే మొదలు. ఊరికే ఉండేబదులు ఏదన్నా చెప్పు. మీ ఇంట్లో ఈ వేళప్పుడు ఏం చేస్తుంటారు?"

శత్రువుతో ఇంటి ముచ్చట్లేమిటని పైడికి అనిపించింది. కానీ మాట్లాడకపోతే నిద్ర వచ్చేస్తోంది. చెప్పింది. తోళ్లు నానబెట్టిన తొట్టి వాసన, అది పడక వాంతి చేసుకుంటే అక్క తిట్టిన తిట్లు, డాలుకు కుట్లు వేసేటప్పుడు అక్క పళ్లతో దారం కొరకడం, పచ్చడిలో ఉప్పు ఎక్కువైతే తప్పు రోటిదని వాదించడం. అతను గీయడం మానేసి, చేతిలో బూడిద పట్టుకుని, నోరు కొంచెం తెరిచి విన్నాడు.

"ఇంకా?" అన్నాడు ఆమె ఆగినప్పుడల్లా.

"ఇంకేముంది తాతా, అంతే" అంది పైడి. తాత అన్న మాట ఎప్పుడు మొదలైందో ఆమెకు గుర్తులేదు.

బుగ్గలో వేరు నూలుపోగంత మిగిలింది. అప్పుడు ఘటికాసిద్ధుడు సంచిని తలకిందులుగా దులిపాడు. చిటికెడు కూడా రాలలేదు.

"నీదే పైచేయి" అన్నాడు మోకాళ్ల మీద చేతులు వేసి లేస్తూ. "మళ్లీ బూడిద కాల్చాలంటే ఏడాది. ముందే చెబుతున్నాను, నాకు కోపం లేదు. కాలం నడిచి గంట మోగగానే 'కర్రతో తాకుతాను' అంటాను. నా కర్ర బరి అంచుదాకా సాగుతుంది. నీ చేతులు చూస్తే డాలు ఎత్తేలా లేవు. నొప్పి పుట్టకుండా తాకుతాలే."

అది నిజమే. ఆమె డాలు వీపున ఉంది. చేతులు తనవి కానట్టు వేలాడుతున్నాయి. రేపటినుంచి బానిస అయిపోయి, నిలువుల మీది దుమ్ము తుడవాలి కాబోలు. అక్క మొహం కూడా.

ఘటికాసిద్ధుడు ఉత్తరీయం దులిపి భుజాన వేసుకున్నాడు. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "వస్తానమ్మా" అన్నాడు.

"మంచిది తాతా" అంది పైడి, ఇంటికొచ్చిన చుట్టాన్ని సాగనంపినట్టు.

అతను వెళ్లిపోతున్నాడు. పైడి ఆ వంగిన వీపును చూస్తూ ఉండిపోయింది. పోతూ పోతూ వస్తానన్నాడు. ఎవరైనా అంతే అంటారు. పోతాను అని నోటితో అనే మనిషి ఎక్కడైనా ఉంటాడా?

ఆ ఆలోచన రాగానే ఆమె మీసం రెండువైపులా గట్టిగా నొక్కుకుని, కత్తిని ఆఖరిసారి భుజం దాకా లేపింది.

కేకలు, గాలి, పావురాల రెక్కల చప్పుడు, రాజుగారి ఆవులింతలో రెండో సగం, అన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి. కత్తి ఎత్తి ఉంది. గీత లేదు. బొమ్మ అవాల్సిన మనిషి కళ్లార్పాడు. జనం గొల్లుమన్నారు. "బతికే ఉన్నాడ్రోయ్!"

మారంభట్టు కంగారుగా అటూ ఇటూ చూసి, తన తీర్పు తానే గుర్తు చేసుకుని, గంట కొట్టాడు. "ఎత్తుతానన్నాడు, ఎత్తాడు. చెల్లింది. ఘటికాసిద్ధుల వంతు!"

ముసలాయన కర్ర పైకి లేపి నోరు తెరవబోయాడు. అంతకు ముందే పైడి గొంతు లేచింది. బొంగురు గొంతు కాదు, ఇంట్లో మాట్లాడే గొంతు.

"ఎండ ముదిరిపోయింది తాతా. అలిసిపోయారు. ఇక వెళ్లిరండి."

ఘటికాసిద్ధుడి మొహంలో బిగువు సడలింది.

"వస్తానమ్మా" అన్నాడు.

బరంతా నిశ్శబ్దమైపోయింది. ఈసారి మంత్రం ఏమీ లేదు.

మారంభట్టు చెవి వెనక చెయ్యి పెట్టుకుని, పెదవులు చప్పరించాడు. "గంట మోగాక మొదటి మాట. ప్రకటన: వస్తాను."

"అది ప్రకటన కాదయ్యా! సెలవు తీసుకునే మాట!" అని రాజు సింహాసనం మీదనుంచి అరిచాడు. "పోతానని దాని అర్థం!"

"పోతానని అర్థమైతే పోవాలి ప్రభూ. పోతే గీత దాటాలి, దాటితే ఓటమి. వస్తానని అర్థమైతే అతని దగ్గరికి రావాలి. రావడం తప్ప ఇంకే పనీ చేయకూడదు. ఏ అర్థమో చెప్పినవారే తేల్చుకోవాలి. అర్థాలు నా పని కాదు."

ఘటికాసిద్ధుడు పైడిని చూశాడు. ఆమెకు సిగ్గేసింది. ఉన్న ఒక్క మంచి మాటను పట్టుకుని వల పన్నినట్టయింది. తల దించుకుంది. కానీ కొంతసేపటికి అతని నవ్వు వినిపించింది. గడ్డమంతా కదిలేలా నవ్వుతున్నాడు.

"వస్తానన్నాను కాబట్టి వస్తున్నాను" అని కర్ర నేల మీద ఆనిస్తూ, ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు.

గంట మోగింది.

"తాకుతాను" అంది పైడి. కత్తి పడేసింది. వంగి అతని పాదాలు తాకింది.

"సుఖంగా ఉండు తల్లీ" అన్నాడు అతను, అలవాటుగా.

జనానికి అరవాలో ఊరుకోవాలో తెలియలేదు. ఘటికాసిద్ధుడు ఓడిపోవడం వాళ్లెప్పుడూ చూడలేదు. పైడికి వంగడం సులువే అయింది కానీ లేవడం కష్టమైంది. ముసలాయనే కర్ర అందించి లేపాడు.

"ఏం కావాలి?" అన్నాడు రాజు పళ్లు నూరుతూ.

"ఆ నిలువు. ఎర్రవాగు ముత్తి."

"ఒక్కరిని విడదీయడం నాకు రాదమ్మా" అన్నాడు ఘటికాసిద్ధుడు మెల్లగా. "వీళ్లందరినీ ఆపింది ఒకటే కాలం. వదిలితే అంతా వదలాల్సిందే."

"వదలడానికి వీల్లేదు!" అని రాజు లేచాడు.

"గెలిచినవారి కోరిక ప్రభూ" అన్నాడు మారంభట్టు. "కాదంటే మాట తప్పినట్టు. తమరూ ఓడినట్టే అవుతుంది."

ఘటికాసిద్ధుడు చేతిలో కర్ర వదిలేశాడు. అది ఇసుకలో పడిన చప్పుడు కూడా అలిసిపోయినట్టే ఉంది. అందరికంటే దగ్గరగా ఉన్న ముత్తి చుట్టూ బూడిద వలయం టప్పున చిట్లింది. పైడి కాళ్లు తడబడుతూ పరిగెత్తి అక్క ఎదుటికి వెళ్లింది. సగం వాలిన ఆ రెప్పలు పూర్తిగా వాలాయి. మళ్లీ లేచాయి.

అక్క కళ్లల్లో చెల్లెలు లేదు. మీసాలవాడెవడో ఉన్నాడు.

"ముత్తి వంతు!" అని వెనకనుంచి మారంభట్టు కేక వేశాడు. అతని గొంతు ఆనందంతో వణికింది. "ఏడాది కిందటి ప్రకటన: ఎదురుగా ఉన్నవాణ్ణి నరుకుతాను! ఆగిన కాలంలో జరిగింది జరగనట్టే. ఆవిడ వంతు ఇంకా పూర్తి కాలేదు!"

కత్తి అప్పటికే దిగుతోంది. అడుగు కదపకుండానే ఒళ్లు పక్కకు వంచి తప్పుకోవచ్చు. తప్పుకుంటే అక్క దెబ్బ గాలికి పోతుంది. చెప్పింది చేయనట్టు అవుతుంది. అక్క బానిస అయిపోతుంది. పైడి వీపు మీది డాలును ఎలా లాగిందో, ఆ చేతుల్లోకి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. డాలు తల మీదికి లేచింది. కత్తి దాన్ని రెండుగా చీల్చి, మధ్య కర్రలో ఇరుక్కుని ఆగింది. మీసం ఎగిరి ఇసుకలో పడింది.

ముత్తి కళ్లు చికిలించింది.

"పైడీ?"

"ఆ."

"నీ మొహానికి మీసమేంటే?"

"తర్వాత చెప్తానక్కా."

"ఎవరు చేశారు ఈ డాలు? కుట్లన్నీ వదులుగా ఉన్నాయి."

"నేనే."

"తెలుస్తూనే ఉంది." ముత్తి కత్తి వదిలి చెల్లెలి చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. "ఇదేంటే, ఇలా వణికిపోతున్నావు? ఎప్పుడు తిన్నావు నువ్వు?"

"ఆడది! అదీ ఆడదే!" అని రాజు మెట్లు దిగుతూ అరిచాడు. "ఆ పోరు చెల్లదు!"

"ఆ సంగతి పోరుకు ముందు అడగాలి ప్రభూ, గెలిచాక కాదు" అన్నాడు మారంభట్టు అటు చూడకుండానే. అతని ధ్యాసంతా గంట మీద ఉంది. "ముత్తి నరికింది, డాలు కాచింది. చెల్లింది. ఇప్పుడు పైడికేతుడు, అంటే ఈ పైడి... ఈమె వంతు. ముత్తి మీద."

గంట మోగింది. అక్కను తాకితే తాను గెలిచి అక్క ఓడుతుంది. తాకకుండా నోటికొచ్చిన ఏ పని చెప్పినా, చేయడానికి ఒంట్లో చేవ లేదు. పైడి చాలాసేపు ఆలోచించలేదు.

"కూర్చుంటాను" అంది.

కూర్చుంది.

మారంభట్టు నుదుటి మీద వేలు పెట్టుకున్నాడు. ఈ బరి పుట్టాక ఎవరూ చెప్పని ప్రకటన అది. మూడు ముడతలూ నాలుగయ్యాయి. చివరికి, "చెల్లింది" అని గంట కొట్టాడు. "ముత్తి వంతు."

ముత్తి నోరు తెరవబోయింది. అంతలో ఆమె పక్కన టప్పున మరో వలయం చిట్లింది. దాని పక్కన మరొకటి. అటు తర్వాత బరి చుట్టూ వడగళ్లు పడ్డట్టు చప్పుడు. ఎత్తిన కత్తులు, గురిపెట్టిన బల్లేలు, తిప్పుతూ ఆగిపోయిన గదలు, అన్నీ ఒక్కొక్కటే కదిలాయి. ఏ ఏళ్లలోనో పలికిన ప్రకటనలు పూర్తి చేయడానికి, ఎదుట ఉన్నది ఎవరో చూసుకోని మనుషులు బరి మధ్యకు దూకారు. గోడ మీద దొరలు గొడుగులు వదిలేసి పరిగెత్తారు. మారంభట్టు గంట పట్టుకుని ఒకరి మొహం, ఇంకొకరి మొహం చూస్తున్నాడు. వంతు ఎవరిదో అతనికి మొదటిసారి తెలియలేదు.

"లేవవే!" అంది ముత్తి.

"కూర్చుంటానని చెప్పానక్కా" అంది పైడి. "లేస్తే మాట తప్పినట్టు."

ముత్తి ఒక్క క్షణం చెల్లెలిని చూసింది. చీలిన డాలులోంచి కత్తి పెరుక్కుని, ముందుకొస్తున్న ఆ కత్తుల వైపు తిరిగింది. గొంతెత్తి, బరి నాలుగు మూలలకూ వినిపించేలా తన ప్రకటన చెప్పింది.

"చెల్లెలి ముందు నిలబడతాను."